లిమూ పట్టణపు పొంగు ద్రాక్షాసవం

తెలుగులో పొంగు అన్న మాట చాలా పనులు చేస్తుంది. పాలు పొంగుతాయి. గోదావరి పొంగుతుంది. కొడుకు పరీక్ష ప్యాసయితే తండ్రి మనసు పొంగుతుంది. రాత్రి రుబ్బి పెట్టిన దోసెపిండి తెల్లవారేసరికి పొంగి గిన్నె మూతను పైకి లేపుతుంది. పాలపొంగుకు నిప్పు కావాలి, గోదావరి పొంగుకు వానలు కావాలి. దోసెపిండి పొంగు మాత్రం దానంతట అది వచ్చేదే. కంటికి కనబడని సూక్ష్మజీవులు పిండిలోని తీపిని తిని, గాలిబుడగలు వదిలి, పిండిని లేవదీస్తాయి. తాటిచెట్టు మీద కట్టిన ముంతలో కల్లు నురుగు కక్కడమూ ఇటువంటి విద్యే.

ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగంలో ఒక చిన్న పట్టణం ఈ పొంగునే నమ్ముకొని దాదాపు 500 ఏళ్ళుగా బ్రతుకుతున్నది. ఆ పట్టణం పేరు లిమూ. అక్కడి ద్రాక్షాసవం పేరు బ్లాంకెత్. షాంపేన్ పేరు మనలో విననివారు లేరు గాని, దానికంటె ముందు పుట్టినదని చెప్పుకొనే ఈ బ్లాంకెత్ సంగతి తెలిసినవారు తక్కువ.

ముందుగా ఒక మనవి. ఇది ఎవరినీ త్రాగమని ప్రోత్సహించే వ్యాసం కాదు. మన కుటుంబాలలో ముట్టని వారే ఎక్కువ, అది మంచి అలవాటు. అయినా ఈనాడు మన పిల్లలు నాలుగు దేశాలలో కాపురాలు చేస్తున్నారు. వియ్యాలవారి విందులలో ఇటువంటి సీసా బల్లమీదికి వచ్చే రోజులివి. పుచ్చుకున్నా, వద్దన్నా, అదేమిటో తెలిసి చేయడం మర్యాద.

లిమూకు దారి

మాది హోసూరు తాలూకా. మా అన్నగారి అమ్మాయి భర్తతోనూ, ఏడేళ్ళ కొడుకుతోనూ తులూజ్ నగరంలో ఉంటున్నది. ఫిబ్రవరిలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, "చిన్నాయనా, నీకు ఊళ్ళు చూడడం ఇష్టం కదా, మా పక్కన ఒక వింత ఊరు ఉంది పద" అని కారెక్కించింది. తులూజ్ నుంచి ఆగ్నేయంగా సుమారు 90 కిలోమీటర్లు పోతే కార్కసోన్ కోట వస్తుంది. రెండు వరుసల ప్రాకారం, 52 బురుజులు. పాడుబడిన ఆ కోటను 19వ శతాబ్దంలో వియొలే-ల-ద్యూక్ అనే శిల్పి బాగు చేయించాడు. 1997లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చారు. మన గండికోటను, పెనుకొండను చూసిన కళ్ళకు అది కొత్తగా కట్టినట్టు కనబడుతుంది గాని, దూరం నుంచి చూస్తే మాత్రం మనసు నిలిచిపోతుంది.

అక్కడనుంచి దక్షిణంగా ఓడ్ నది వెంబడి మరి అరగంట ప్రయాణం. ఎదురుగా దూరాన పిరినీస్ కొండల మంచు. ఇరువైపులా ద్రాక్షతోటలు. మన దేశంలో ద్రాక్ష అంటే తలెత్తి చూసే పందిరి. అక్కడ తీగను మోకాలెత్తు మోడుగా కత్తిరించి తీగల వరుసకు కట్టి పెంచుతారు. ఫిబ్రవరిలో ఒక్క ఆకు లేదు. చలిలో కాపులు వంగి కత్తెరలతో కొమ్మలు తీస్తున్నారు. ఈ ప్రాంతానికి ఒకవైపు నుంచి అట్లాంటిక్ గాలి, మరొకవైపు నుంచి మధ్యధరా గాలి వీస్తాయి. కొండల దాపు కనుక చుట్టుపక్కల పల్లాల కంటె చల్లన. ఆ చల్లదనమే ఈ ఊరి భాగ్యం. ఎందుకో ముందు చెబుతాను.

లిమూ జనాభా సుమారు 10,000. మధ్యలో ఒక చౌకు, దాని చుట్టూ వంపు స్తంభాల పంచలు, పంచలలో కాఫీ హోటళ్ళు.

మఠంలో పుట్టిన నురుగు

లిమూకు ఈశాన్యాన కొద్ది దూరంలో సెయింట్ హిలేర్ అనే గ్రామం ఉన్నది. అక్కడ బెనెడిక్టు సంప్రదాయపు సన్యాసుల పాత మఠం ఉన్నది. రాతిని తొలిచి చేసిన ఒక నేలమాళిగను యాత్రికులకు చూపిస్తారు. 1531లో ఈ మఠంలోని సన్యాసులు, బెండు బిరడా బిగించి పెట్టిన సీసాలలో ద్రాక్షాసవం మళ్ళీ పొంగుతున్నట్టు గమనించారని ఆ ఊరివారు చెబుతారు. ప్రపంచంలోని పొంగు ద్రాక్షాసవాలలో మొదటిది మాదే అన్నది వారి గర్వం.

షాంపేన్ మండలంలో ఓవిలేర్ మఠంలో ఉండిన డామ్ పెరిన్యోఁ అనే సన్యాసి పేరు లోకంలో మారుమోగింది. ఆయన అక్కడికి వచ్చినది 1668లో, చనిపోయినది 1715లో. బుడగలు కనిపెట్టినవాడు ఆయనే అనే కథ తరువాత అల్లినది. నిజానికి ఆయన కాలంలో బుడగలు రావడం లోపంగా ఎంచబడేది, సీసాలు పగిలి నష్టం వచ్చేది. ఆయన గొప్పతనం పండ్లను ఏరడంలోనూ, తోట తోటకు తేడా తెలిసి కలపడంలోనూ ఉన్నది. ఆయన మఠానికి రాకముందే, 1662లో, ఇంగ్లాండులో క్రిస్టఫర్ మెరెట్ అనే పండితుడు ద్రాక్షాసవంలో పంచదార కలిపితే బుడగలు పుడతాయని రాయల్ సొసైటీవారికి ఒక పత్రం సమర్పించాడు. బొగ్గు కొలిమిలో కాచిన దళసరి గాజుసీసాలు అప్పటికే ఇంగ్లీషువారికి ఉండడం దానికి తోడ్పడింది.

పొంగు ఎవరి పని అన్నది తేల్చినవాడు లూయీ పాస్టర్. ద్రాక్షరసాన్ని పులియబెట్టేది ఈస్టు అనే సజీవ కణమేనని ఆయన 1857 మొదలు చేసిన పరిశోధనలతో నిరూపించాడు. అంటే మూడు వందల ఏళ్ళకు పైగా ఈ విద్యను కారణం తెలియకుండానే జనం నడిపారన్నమాట. మన అమ్మమ్మలు తరవాణి కుండ నడిపినట్టే.

సీసాలో ఏమి జరుగుతుంది

గోళీసోడాను మనమందరం ఎరుగుదుము. అందులోని వాయువు బయటనుంచి యంత్రంతో ఎక్కించినది. బ్లాంకెత్‌లోని వాయువు లోపలే పుట్టినది. తేడా అంతా అక్కడే ఉన్నది.

ఈస్టు తీపిని తిని రెండు వస్తువులను విడుస్తుంది. ఒకటి మత్తు కలిగించే ఆల్కహాలు, రెండవది మన పాత బడిపుస్తకాలలో బొగ్గుపులుసు వాయువు అని చదువుకొన్న కార్బన్ డయాక్సైడు. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల పంచదార కరిగితే 1 శాతం ఆల్కహాలు వస్తుంది. పీపా మూత తెరచి ఉంటే వాయువు గాలిలో కలిసిపోతుంది, అది మామూలు ద్రాక్షాసవం. మూత బిగిస్తే వాయువుకు దారి లేక రసంలోనే కరిగి అణగి ఉంటుంది. లీటరుకు 4 గ్రాముల పంచదార సీసాలో పులిస్తే సుమారు ఒక వాతావరణపు ఒత్తిడి పుడుతుంది. షాంపేనుకు సీసాలో 24 గ్రాముల వరకు చేరుస్తారు కనుక 6 వాతావరణాల దాకా ఒత్తిడి వస్తుంది. కారు చక్రంలోని గాలికి అది రెండింతలకు పైమాటే. అందుకే ఆ సీసా అంత బరువు, దాని అడుగు అంత గుంట, బిరడాకు ఆ తీగ పంజరం.

ఈ పొంగును రాబట్టేందుకు ముఖ్యంగా రెండు మార్గాలున్నవి. మొదటిది షాంపేన్ మార్గం. ద్రాక్షాసవం పూర్తిగా తయారయిన పిమ్మట, సీసాలో కొత్తగా పంచదార, ఈస్టు చేర్చి రెండవసారి పులియబెడతారు. మడ్డిని మెడలోకి దింపి తీసివేసి మళ్ళీ బిరడా వేస్తారు. రెండవది లిమూవారి పాత మార్గం, పూర్వుల పద్ధతి అనే అర్థం గల పేరుతోనే దానిని పిలుస్తారు. అందులో పంచదార చేర్చడమనేది లేదు. మొజాక్ అనే ఒకే జాతి ద్రాక్షను చేత్తో కోసి, రసం తీసి, పీపాలో పులియబెడతారు. సగం పులిసేసరికి చలికాలం వస్తుంది. చలికి ఈస్టు ముడుచుకొని నిద్రపోతుంది. పండులోని తీపి ఇంకా చాలా మిగిలి ఉండగానే, మార్చి నెలలో, కృష్ణపక్షం చూసుకొని సీసాలకు ఎత్తడం ఆచారం. వసంతపు వెచ్చదనానికి ఈస్టు మళ్ళీ లేస్తుంది. మిగిలిన తీపిలో కొంత తిని సీసాలోనే నురుగును పుట్టిస్తుంది. ఆ ఊరు చల్లనిది కాకపోతే ఈ నడిమి నిద్ర ఉండేది కాదు, ఈ విద్యా ఉండేది కాదు.

ఇలా వచ్చిన బ్లాంకెత్‌లో ఆల్కహాలు 6, 7 శాతమే. షాంపేనులో సుమారు 12. రుచి తియ్యన, వాసన ఆపిల్ పండు తొక్కది. మొజాక్ ఆకు అడుగుభాగం తెల్లని నూగుతో ఉంటుంది, చిన్న తెల్లనిది అనే అర్థంలో బ్లాంకెత్ పేరు వచ్చిందని చెబుతారు. లిమూ బ్లాంకెత్‌కు 1938లో ప్రభుత్వపు ప్రాంతీయ ముద్ర లభించింది. ఈనాడు లిమూలో షాంపేన్ మార్గంలో చేసేదే ఎక్కువ. అందులో మొజాక్ నూటికి 90 పాళ్ళు ఉండి తీరాలి. పాత మార్గం కొంతమంది చేతులలో నిలిచి ఉన్నది. ఇటీవల ఫ్రాన్సు లువార్ లోయ మొదలుకొని ఎన్నో దేశాలలో యువకులైన కాపులు ఈ పాత మార్గాన్నే మళ్ళీ పట్టుకొన్నారు. వారి సీసాలకు బెండు బిరడాకు బదులు సోడాసీసా వంటి రేకు మూత కనబడుతుంది.

పెద్దాయన నేలమాళిగ

మా అమ్మాయికి తెలిసిన ఒక రైతు ఇంటికి వెళ్ళాము. ఎనభై ఏళ్ళ పెద్దాయన. నేలమాళిగలో తొట్టెలను చూపించాడు. నిరుటి కోత రసం వాటిలో నిద్రలో ఉన్నది. చెవి పెట్టి వినమన్నాడు. ఏమీ వినబడలేదు. "అదే మంచి గుర్తు, ఇప్పుడు మాట్లాడకూడదు" అన్నాడట. మా అమ్మాయి తెలుగు చేసి చెప్పింది.

పీపాలోనే ఎందుకు పూర్తిగా పులవనివ్వరు అని అడిగాను. "తీపి అంతా ఇక్కడే ఖర్చయితే సీసాలో లేచేందుకు ఏం మిగులుతుంది?" అన్నాడు. ఎంత మిగలాలో పరికరంతో కొలుస్తారు గాని, వాళ్ళ నాయన నాలుకతోనే చెప్పేవాడట.

అంతలో ఆయన తమ్ముడు వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకొన్నది ఫ్రెంచి కాదని నాకు కూడా తెలిసింది. అది ఆక్సితాన్ భాష. ఒకప్పుడు ఆ దక్షిణదేశమంతా అదే. బ్లాంకెత్ అన్న మాట ఆ భాషదే. 1531లో మఠంలో నురుగు కనబడిందంటే, 8 ఏళ్ళకు, 1539లో, న్యాయపత్రాలన్నీ ఫ్రెంచిలోనే ఉండాలని రాజశాసనం వచ్చింది. 1881, 1882 చట్టాలతో చదువు ఉచితమూ నిర్బంధమూ అయినప్పుడు, బడిలో ఇంటిభాష మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్కో మరొకటో వేలాడదీసే శిక్ష అమలులో ఉండేది. 1904లో అదే భాషాకుటుంబంలో వ్రాసిన మిస్త్రాల్ కవికి నోబెల్ బహుమతి వచ్చినా బడి మనసు కరగలేదు. 1951లో చట్టం కొంచెం తలుపు తెరిచింది. 1979లో పో పట్టణంలో ఆక్సితాన్ మాధ్యమపు మొదటి పాఠశాలను తల్లిదండ్రులే పెట్టుకొన్నారు.

"మీ మనవలకు వస్తుందా?" అని అడిగాను. "వాళ్ళకు అర్థమవుతుంది. జవాబు ఫ్రెంచిలో చెబుతారు" అన్నాడు.

ఈ మాట మన పాఠకులకు వివరించి చెప్పనక్కరలేదు. మధురలోనూ, బళ్ళారిలోనూ, బరంపురంలోనూ, షోలాపురంలోనూ ప్రతి ఇంట్లోనూ ఈ జవాబే ఉన్నది, రెండవ భాష పేరు మాత్రమే మారుతుంది. మా హోసూరు వైపు చూస్తే, అవ్వ తెలుగులో పిలుస్తుంది, మనవడు తమిళంలోనో ఇంగ్లీషులోనో పలుకుతాడు. మాట్లాడగలిగినవారిలోనూ చదవగలిగినవారు తక్కువ.

అయితే లిమూలో ఒక సంగతి నాకు ధైర్యం చెప్పింది. ఆ ఊరి ఉత్సవం జనవరిలో మొదలై ఈస్టరు ముందు దాకా ప్రతి శని ఆదివారాలలో జరుగుతుంది. ముఖాలకు ముసుగులు, ఒళ్ళంతా పట్టుబట్టలు, చేతిలో కాగితాలు చుట్టిన రెల్లు కర్ర. వాద్యగాళ్ళ వెనుక మెల్లగా అడుగులేస్తూ చౌకు చుట్టూ పంచల క్రింద తిరుగుతారు. మన కోలాటంలో ఉండే వేగం లేదు, ఊరేగింపు నడక. చివరి ఆదివారం రాత్రిని బ్లాంకెత్ రాత్రి అంటారు. ఆ రాత్రి ఉత్సవరాజు గడ్డిబొమ్మను విచారించి, శిక్ష చదివి, తగులబెడతారు. ఆ విచారణ అంతా ఆక్సితాన్‌లోనే. ఏడాది పొడుగునా ఫ్రెంచి మాట్లాడే కుర్రవాళ్ళు కూడా ఆ రాత్రి తాతల భాషలో నవ్వుతారు. ఒక పంట, ఒక పండుగ పట్టుకొని ఉన్నంతకాలం భాషకు నిలువనీడ ఉంటుంది.

సీసా తెరిచే పద్ధతి, పోసే పద్ధతి

పెద్దాయన తన ఇంటివాడకం సీసా ఒకటి తెరిచాడు. ఆయన చేసినదీ, మా అమ్మాయి విడమర్చి చెప్పినదీ కలిపి వ్రాస్తున్నాను.

సీసాను ముందురోజే నిలువుగా నిలబెట్టాలి. ఇంటివాడకం సీసాలలో ఈస్టు మడ్డి ఉంటుంది, అది అడుగుకు చేరాలి. ప్రయాణం చేసి వచ్చిన సీసాను ఆ పూటే తెరవరాదు. చల్లదనం 6 నుంచి 8 డిగ్రీలు సరిపోతుంది. అందుకు మంచుముక్కలు, నీళ్ళు కలిపిన బాల్చీలో అరగంట ఉంచితే చాలు. ఉత్త మంచుముక్కల కంటె నీళ్ళు కలిపితే సీసా అంతటికీ చల్లదనం అంటుతుంది. గడ్డకట్టించే పెట్టెలో పెట్టి మరిచిపోతే సీసా పగులుతుంది. చల్లని రసంలో వాయువు అణగి ఉంటుంది, వేడెక్కిన సీసా తెరవగానే సగం గోడ మీదికి పోతుంది.

తీగ పంజరం విప్పేటప్పుడు బొటనవ్రేలు బిరడా మీదనుంచి తీయరాదు. సీసా మూతి ఎవరి ముఖం వైపూ, దీపం వైపూ ఉండరాదు. ఎగిరిన బిరడా కన్ను తీస్తుంది. సీసాను ఏటవాలుగా పట్టి, బిరడాను ఒక చేత కదలకుండా పట్టుకొని, రెండవ చేత సీసా అడుగును మెల్లగా త్రిప్పాలి. సినిమాలలో వలె ఢామ్మని పేలితే అది పెళ్ళివారి సంబరం గాని పనితనం కాదు. నిట్టూర్పు వంటి చిన్న చప్పుడుతో రావాలి. రేకు మూత సీసా అయితే ఇంకా నెమ్మది కావాలి. కొంచెం ఎత్తి, నురుగు పైకి వస్తే ఆగి, మళ్ళీ ఎత్తాలి. పళ్ళెంలో పెట్టి తెరిస్తే బల్ల పాడుకాదు.

గ్లాసు వెడల్పు పళ్ళెం వంటిది కాక, తామరమొగ్గ వలె పైన కొంచెం ముడిచినది మేలు, వాసన నిలుస్తుంది. సబ్బు జిడ్డు మిగిలితే నురుగు చచ్చిపోతుంది. బుడగలు గాజు మీది నలుసుల దగ్గర, తుడిచిన గుడ్డ విడిచిన సన్నని నూలుపోగుల దగ్గర పుట్టి వరుసగా పైకి వస్తాయి. మొదట రెండంగుళాలు పోసి, నురుగు దిగనిచ్చి, మళ్ళీ పోసి, గ్లాసులో మూడింట రెండు వంతులకు ఆపాలి. సీసా అడుగున రెండు వ్రేళ్ళ మేర మడ్డితో మబ్బుగా ఉంటుంది. ఇష్టంలేనివారు దాన్ని వదిలేయవచ్చు, హాని మాత్రం లేదు. పెద్దాయన ఆ మబ్బును తన గ్లాసులోనే పోసుకొన్నాడు. ఒకసారి తెరిచిన సీసాను ఆ రోజే ముగించాలి.

తియ్యని బ్లాంకెత్‌కు అక్కడివారు ఆపిల్ పండ్లతో చేసిన తీపి రొట్టెలు జత చేస్తారు. మా వదిన కట్టి పంపిన నువ్వుల అరిసెలు మా సంచిలో ఉండగా బయటికి తీశాము. పెద్దాయన ఒకటి తిని, ఇందులో వేసిన తీపి ఏమిటని అడిగాడు. బెల్లం అంటే ఏమిటో విడమరచి చెప్పేసరికి మా అమ్మాయికి అరగంట పట్టింది. రెండవ అరిసె అడిగి పుచ్చుకొన్నాడు. నేను రెండు గుక్కలు రుచి చూశాను. కారు నడపవలసిన అమ్మాయి ముట్టలేదు, పిల్లవాడికి అదే తోట ద్రాక్షరసం పులవనిది ఇచ్చారు. మధుమేహం ఉన్నవారు ఈ తియ్యని రకానికి దూరంగా ఉండడం మంచిది, గర్భిణులు ఏ రకానికయినా సరే.

బయలుదేరే ముందు పెద్దాయన గోడకు తగిలించిన నల్లబల్ల చూపించాడు. తొట్టెల లెక్కలు వ్రాసుకొనే బల్ల అది. మా ఊరి పేరు మీ అక్షరాలలో వ్రాయమని సుద్దముక్క ఇచ్చాడు. లిమూ అని పెద్దగా వ్రాశాను. గుండ్రంగా ద్రాక్షగుత్తి లాగా ఉన్నదని నవ్వి, లెక్కలు చెరిపేటప్పుడు దీన్ని చెరపనని అన్నాడు. మా పిల్లవాడు బల్ల వంక చూసి, "ఏం రాశావు తాతా?" అని అడిగాడు. వాళ్ళమ్మ ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది.

తిరుగు దారిలో చలికి కారు అద్దాలు మసకబారాయి. పిల్లవాడు వెనక సీటులో కూర్చొని ఆ మసక మీద వ్రేలితో వ్రాయడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చొని చెబుతూ వచ్చాను. కార్కసోన్ దాటేసరికి లి వచ్చింది. తులూజ్ చేరేదాకా మూ దగ్గర కొమ్ము దీర్ఘం సాగలేదు. మర్నాడు సాయంత్రం నేను కాగితం తీయకముందే వాడే పెన్సిలు తెచ్చుకొన్నాడు.